గుల్మార్గ్‌లో గైడెడ్ బ్యాక్‌కంట్రీ స్కీయింగ్: ప్యాకేజీ కొనేముందు చూడాల్సినవి

గొండోలా (కేబుల్ కారు) రెండో దశ దిగి, స్కీలు తగిలించుకుని, హద్దు తాడు దాటారంటే రిసార్ట్ అక్కడితో అయిపోయినట్టే, అవతలిదంతా బ్యాక్‌కంట్రీ. స్కీ పాట్రోల్ (వాలుల రక్షక దళం) కాపలా గొండోలా కింద ఉన్న బౌల్ (గిన్నెలాంటి వాలు) వరకే. మిగతా అఫర్వత్ పర్వతం అంతా ఎవరూ సరిచూడని కొండ. 2,650 మీటర్ల ఊరి నుంచి కేబుల్ కారు కూర్చోబెట్టి సుమారు 3,950 మీటర్లకి చేరుస్తుంది కాబట్టి చాలామందికి ఈ తేడా తట్టదు. 2023 ఫిబ్రవరి 1న అఫర్వత్ మీద మంచు చరియ విరిగిపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. 2024 ఫిబ్రవరిలో ఒక రష్యన్ స్కీయర్ అలాగే పోయారు. ఇక్కడ గైడ్‌కి ఇచ్చే డబ్బులో పెద్ద వాటా 'ఇవాళ ఈ వాలు వద్దు' అని అతను చెప్పే మాటకే. ఆ మాట చెప్పలేని గైడ్ ఎంత చవగ్గా దొరికినా దండగే.

గైడ్ ఎలాంటివాడో పొద్దున మొదటి అరగంటలోనే తెలిసిపోతుంది. ఆరోజు గాలి ఏ దిక్కు నుంచి వీస్తోంది, రాత్రి ఎంత మంచు పడింది, ఎటువైపు వాలులు వదిలేస్తున్నాం అన్నవి అడక్కుండానే చెప్పాలి. రక్షణ శాఖ పరిశోధన సంస్థ డీజీఆర్ఈ ఇచ్చే మంచు చరియల హెచ్చరిక జిల్లా మొత్తానికి, ఎత్తును బట్టి ఇచ్చేది. మీరు దిగబోయే వాలు గురించి అది ఏమీ చెప్పదు, ఆ పని గైడ్‌దే. తర్వాత బీకన్ (మంచులో కూరుకుపోతే వెతికి పట్టుకోవడానికి ఒంటికి కట్టుకునే సిగ్నల్ పరికరం) పరీక్ష. గైడ్ కాస్త దూరంలో నిలబడి ఒక్కొక్కరినీ తనను దాటి నడవమంటాడు, ప్రతి బీకన్ సిగ్నల్ పంపుతోందో లేదో విడిగా వింటాడు. ఆ తర్వాత అందరూ వెతికే మోడ్‌లో పెట్టి మళ్లీ ఒకసారి. మొదటి రోజు ఒక సంచిలో బీకన్ పాతిపెట్టి మీచేత వెతికించాలి, తవ్వించాలి కూడా. కూరుకుపోయిన మనిషికి మొదటి పది పదిహేను నిమిషాలే ప్రాణం, బయటి సాయం అంతలోపు రాదు. మిమ్మల్ని తవ్వి తీసేది పక్కనున్న తోటి కస్టమరే. ఈ సాధన చేయించకుండా నేరుగా గొండోలా క్యూలో నిలబెట్టే సంస్థ దగ్గర రెండో రోజుకి డబ్బు కట్టకండి.

అద్దెకిచ్చే సామాను మీద ఇంకా జాగ్రత్త కావాలి. బీకన్ మూడు యాంటెన్నాలు ఉన్న డిజిటల్‌దై ఉండాలి, పని చేసేది 457 కిలోహెర్ట్జ్ మీద. బ్యాటరీ శాతం తెర మీద మీరే చూడండి. సగానికి దగ్గరగా ఉంటే కొత్త ఆల్కలైన్ సెల్స్ వేయించండి. ఫోన్ బీకన్‌కి కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, వెతికేటప్పుడు 50. ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ) 240 సెంటీమీటర్లకి తగ్గకూడదు, పార లోహంది కావాలి. గట్టిపడ్డ చరియ మంచులో ప్లాస్టిక్ పార విరుగుతుంది. ప్రోబ్ మనిషికి తగిలాక దాన్ని తీయకూడదు. లోతుకి ఒకటిన్నర రెట్లు దూరం వాలు కిందికి జరిగి అక్కణ్నుంచి అడ్డంగా తవ్వుతూ పోవాలి. నేరుగా పైనుంచి తవ్వితే గొయ్యి కూలి, కింద ఉన్నవాళ్ల మీదే పడుతుంది.

స్కీలకి అడుగు కింద 100 నుంచి 115 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే గుల్మార్గ్ పొడిమంచులో మునగవు. నడిచి ఎక్కే రోజులకి వాక్ మోడ్ ఉన్న బూట్లు, మడమ పైకి లేచే బైండింగులు (బూటును స్కీకి బిగించేవి) కావాలి. పైకి ఎక్కేటప్పుడు జారకుండా స్కీల అడుగున అంటించే పట్టీలు స్కిన్లు. వాటి జిగురు వైపు మంచు అంటితే సగం దారిలో ఊడిపోతాయి. అందుకే విప్పిన స్కిన్లను బ్యాగులో కాదు, జాకెట్ లోపల పెట్టుకోవాలి.

ప్రమాదం ఎక్కువ ఎక్కడంటే 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో. రిడ్జ్ (కొండ అంచు గీత) మీద గాలి మంచును ఎత్తి అవతలి వైపు పేర్చిన చోట పైపొర పలకలా బిగుసుకుంటుంది. దాని కింద చక్కెర పలుకుల్లాంటి పాత మంచు ఉంటే చరియ విరగడానికి ఒక్క స్కీయర్ బరువు చాలు. మంచి గైడ్ ఒక్కొక్కరినే దింపుతాడు, మిగతావాళ్లని వాలు దారిలో కాకుండా పక్కన ఆపుతాడు. అందరినీ ఒకే బౌల్‌లో వరసగా వదిలేస్తే అదొక్కటే చాలు, మీరు ఆ గైడ్‌ని వదిలి వెనక్కి వచ్చేయడానికి. ఒక గైడ్‌కి నలుగురైదుగురు, గుంపు పెద్దదైతే వెనక ఇంకో గైడ్ ఉండాలి.

కింద ఉన్న బాబా రేషి, ద్రంగ్ ఊళ్ల వైపు అడవిలో దిగే దారులు ఈ ప్యాకేజీల్లో నాకు అన్నిటికన్నా నచ్చేవి. గాలి రోజుల్లో గొండోలా పై దశ ఆపేసినా, దేవదారు చెట్ల మధ్య చూపు ఆనుతుంది. కాకపోతే కింది భాగంలో మంచు పలచగా ఉంటే రాళ్లు స్కీ అడుగును చీలుస్తాయి. ఆ నష్టం ఎవరిదో అద్దె కాగితంలో ముందే రాయించుకోండి. చివర్లో తిరిగి ఎక్కించే జీపు ధరలో కలిసి ఉందో లేదో కూడా.

లిఫ్ట్ మూతపడ్డ రోజులకి డబ్బు వెనక్కి వస్తుందా, లేక స్కిన్లతో ఎక్కించి రోజు లెక్క కడతారా అన్నది రాతలో ఉండాలి. 2024 జనవరిలో మంచు పడక గుల్మార్గ్‌లో గడ్డి నేల కనిపించింది. నేనైతే ఫిబ్రవరి తేదీలే తీసుకోమంటాను. శ్రీనగర్ విమానాలు మంచుకి రద్దవుతుంటాయి, చివర రెండు రోజులు ఖాళీగా ఉంచండి.

హోటల్ గదుల్లో బుఖారీ (గది వెచ్చబెట్టే పొయ్యి) లేదా కరెంటు దుప్పటి ఉందా అని అడిగితే సరిపోతుంది. మన ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కశ్మీర్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ తీసుకెళ్లండి. హైదరాబాద్ 540 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కణ్నుంచి వచ్చిన మర్నాడే 3,950కి ఎక్కితే తలనొప్పి, వాంతులు వస్తే ఆశ్చర్యం లేదు. మొదటి రోజు కింది వాలుల్లోనే గడపండి. బీమాలో 'ఆఫ్ పిస్ట్' (గుర్తించిన దారుల బయట స్కీయింగ్) మినహాయింపు, ఎత్తు పరిమితి రెండూ చదవండి.

స్కీ ఇప్పుడిప్పుడే కడుతున్నవాళ్లు ఈ ప్యాకేజీ కొనొద్దు. గుల్మార్గ్‌లోనే కేంద్రప్రభుత్వ స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ ఉంది, ముందు అక్కడ కోర్సు చేయండి. ఎలాంటి మంచులోనైనా పడిపోకుండా వరసగా పది మలుపులు తిప్పగలిగిన రోజున గైడ్‌కి ఫోన్ చేయండి. మొదటి ప్రశ్నగా 'పోయిన సీజన్‌లో ఏ రోజు వాలు మార్చారు, ఎందుకు?' అని అడగండి.