జర్మన్ ఇంటిపేర్ల డిజిటల్ నిఘంటువు: ఎంతవరకు నమ్మొచ్చు?

జర్మన్ ఇంటిపేరు మూలం పైసా ఖర్చు లేకుండా తెలుసుకోవాలంటే ముందు చూడాల్సింది డీఎఫ్‌డీ. మైంజ్ అకాడమీ 2012లో మొదలుపెట్టిన ఈ ఆన్‌లైన్ నిఘంటువు పని ఇంకా సాగుతూనే ఉంది. అంతా జర్మన్‌లోనే ఉంటుంది. బ్రౌజర్ అనువాదం పెట్టుకుంటే అది పేర్లను కూడా వదలదు, ష్నైడర్ కాస్తా దర్జీ అయి కూర్చుంటాడు. పేరు వరకు మూల పేజీలోనే చూసుకోండి.

దీని బలం తెలియాలంటే మాజీ చాన్సలర్ గెర్హార్డ్ ష్రోడర్ ఇంటిపేరు చూడండి. ఉత్తర జర్మనీ మాటతీరైన ‘లో జర్మన్’ (Low German) ప్రకారం ష్రోడర్ అంటే బట్ట కత్తిరించేవాడు, అంటే దర్జీయే. ఈ పేరుకే ష్రోటర్ అనే మరో రూపం ఉంది. దానికి వైన్, బీరు పీపాలను దించి ఎక్కించేవాడనే అర్థం కూడా ఉంది. కాబట్టి మొదట కనిపించిన అర్థం పట్టుకుని పరుగెత్తకండి. ఆ కుటుంబం ఏ ప్రాంతానిదో తేలాకే ఏ వృత్తో చెప్పగలం. వెతికేటప్పుడు నెత్తిన రెండు చుక్కలున్న ‘ఓ’తో (Schröder) ఒకసారి, ‘ఓ’ పక్కన ‘ఈ’ పెట్టి (Schroeder) మరోసారి కొట్టాలి. 1876లో జర్మనీ అంతటా పౌర రిజిస్ట్రేషన్ వచ్చేదాకా ఒకే మనిషి పేరు చర్చి పుస్తకాల్లో రెండు మూడు రకాలుగా కనిపించడం మామూలే.

పేరు ఎక్కడెక్కడ ఉందో చూపే డీఎఫ్‌డీ మ్యాపు దగ్గరే చిక్కు. అది 2005 నాటి ల్యాండ్‌లైన్ కనెక్షన్ల లెక్క, జనాభా లెక్క కాదు. మరో మాజీ చాన్సలర్ ఓలాఫ్ షోల్జ్ ఇంటిపేరే తీసుకోండి. ఊరిపెద్ద హోదా నుంచి వచ్చిన ఈ రూపం ప్రధానంగా ఒకప్పుడు జర్మనీలో ఉన్న సిలీసియా ప్రాంతానిది. 1945 తర్వాత అక్కడి జర్మన్లను వెళ్లగొట్టడంతో షోల్జ్‌లు దేశమంతా చెదిరిపోయారు. సిలీసియాలో ఎక్కువ భాగం ఇప్పుడు పోలండ్‌లో ఉంది. అంటే జర్మనీ మ్యాపులో ఆ పేరు పుట్టిల్లే లేదు!

ఈ లోటుకు మంచి మందు మొదటి ప్రపంచ యుద్ధపు సైనిక నష్టాల జాబితాలు. జర్మన్ కంప్యూటర్ వంశావళి సంఘం సైట్‌లో వీటిని పేరుతో ఉచితంగా వెతకొచ్చు. చాలా నమోదుల్లో సైనికుడి స్వస్థలం ఉంటుంది కాబట్టి 1945కు ముందు ఆ పేరు ఎక్కడ గుమిగూడి ఉండేదో బయటపడుతుంది.

ఒక్క మాట: డీఎఫ్‌డీ చెప్పేది పేరు చరిత్రే, మీ వంశ చరిత్ర కాదు. దానికి చర్చి రిజిస్టర్లు తిరగేయాల్సిందే. క్యాథలిక్ రిజిస్టర్లకు మట్రికులా అనే వెబ్‌సైట్ ఉచితం. ప్రొటెస్టెంట్ రిజిస్టర్లున్న ఆర్కియోన్ వెబ్‌సైట్‌కు చందా కట్టాలి. అక్కడ స్కాన్ చేసిన పేజీలు చర్చిల వారీగా ఉంటాయి, కాబట్టి ఊరు తేలకముందే చందా కడితే డబ్బు దండగ.