వలస వచ్చిన పిల్లలకు ప్రత్యేక తరగతి: విశాఖలో ఒక పాఠశాలపై సమీక్ష

న్యూజెర్సీలో పుట్టి పెరిగిన మా అమ్మాయిని నిరుడు ఎనిమిదో తరగతిలో చేర్చేటప్పుడు, విదేశాల నుంచి, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చే పిల్లలకు ప్రత్యేక తరగతి నడుపుతున్నారన్న కారణంతోనే మధురవాడ వైపున్న ఒక సీబీఎస్ఈ పాఠశాలను ఎంచుకున్నాం. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉన్న ఊరు కావడంతో, బదిలీల మీద వచ్చిన కుటుంబాల పిల్లలు కూడా ఆ తరగతిలో ఉన్నారు.

తెలుగు బోధన నిజంగా మెచ్చుకోదగినది. అక్షరాలు దిద్దించడానికి ముందు పిల్లల చేత మాట్లాడించారు. ఒక శనివారం ఎంవీపీ కాలనీ రైతుబజారుకు తీసుకువెళ్లి, ఒక్కొక్కరి చేత కూరగాయల ధరలు అడిగించి, పేర్లు నోటుపుస్తకంలో రాయించారు. ఒత్తుల దగ్గర తడబడే మా అమ్మాయి ఆ రోజు ‘చిక్కుడుకాయలు’ అని తప్పు లేకుండా రాసుకొచ్చి, వాళ్ల తాతగారికి చూపించి మురిసిపోయింది. లెక్కల్లో మిలియన్ల నుంచి లక్షలు, కోట్లకు మారడం, 10,00,000లో కామాలు ఎక్కడ పడతాయో చూసుకోవడం వంటివి కూడా విసుక్కోకుండా నేర్పారు.

అయితే ఈ శ్రద్ధ ఆ ఒక్క గదికే పరిమితమైంది. మామూలు తరగతిలో ఒక ఉపాధ్యాయురాలిని ‘నువ్వు’ అన్నందుకు మా అమ్మాయిని పీరియడ్ అంతా నిలబెట్టారు. ఇంట్లో మాతో మాట్లాడినట్టే అక్కడా మాట్లాడిన పిల్లకు తాను చేసిన తప్పేమిటో సాయంత్రం మేము చెప్పేదాకా తెలియలేదు. పాఠం అర్థం కాని పిల్లలకు అందరితోపాటు అవే పుస్తకాలు, అదే ఉపాధ్యాయుణ్ణి ఇచ్చినంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదని, శాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనా సంతతి విద్యార్థుల కేసులో అమెరికా సుప్రీంకోర్టు 1974లోనే చెప్పింది. అక్కడి బడుల్లో చేర్చుకునేటప్పుడే ఇంట్లో ఏ భాష మాట్లాడతారో అడిగే ఫారం ఇస్తారు. మా అమ్మాయి కిండర్‌గార్టెన్‌లో చేరినప్పుడు మేమూ నింపాం. ఇక్కడ ఆ వివరం తరగతి ఉపాధ్యాయులకు చేరనే లేదు.

మరో లోపం, అర్ధసంవత్సర పరీక్షలు కాగానే ఈ తరగతిని ఆపేయడం. తెలుగు వాచకంలో పద్యాలు, వ్యాకరణం బరువెక్కే సమయానికే పిల్లలకు ఆసరా లేకుండా పోతోంది. కనీసం ఏడాది పొడవునా నడపాలని యాజమాన్యానికి రాతపూర్వకంగా కోరాం, సమాధానం రాలేదు.

ఆరు, ఏడు తరగతుల్లో చేర్చేవారికి ఈ పాఠశాలను నిస్సందేహంగా సూచిస్తాను. తొమ్మిదిలో చేర్చదలచినవారు మాత్రం రెండో భాషగా ఏది తీసుకోవచ్చో, ప్రత్యేక తరగతి ఎన్నాళ్లు ఉంటుందో ఫీజు కట్టకముందే అడిగి తెలుసుకోవాలి.