విద్యార్థి జట్లకు స్క్రమ్ మేలా, కాన్‌బాన్ మేలా?

రెండూ సాఫ్ట్‌వేర్ జట్లు పనిని నడుపుకునే పద్ధతులే. స్క్రమ్‌లో పనిని స్ప్రింట్లుగా, అంటే నిర్ణీత గడువున్న చిన్న విడతలుగా విడదీస్తారు. ఒక్కోటి నెలకు మించకూడదు. రోజూ 15 నిమిషాల సమావేశం. ఉద్యోగులకు ఇది సరే; వారంలో రెండు పూటలే కలిసే విద్యార్థులకు మాత్రం అది హాజరు పిలుపులా తయారవుతుంది. అయితే స్ప్రింట్ చివర నడిచే ప్రోగ్రామ్‌ను చూపించక తప్పదు కాబట్టి, అంతా ఆఖరి రాత్రికి నెట్టే అలవాటుకు కళ్లెం పడుతుంది.

టయోటా కర్మాగారాల పద్ధతి నుంచి వచ్చిన కాన్‌బాన్‌లో స్ప్రింట్లు తప్పనిసరి కావు. ఒక్కో పనిని ఒక్కో చీటీగా అంటించే బోర్డు మీద ‘జరుగుతున్నవి’ గడిలో మూడు చీటీలకే పరిమితి పెట్టి చూడండి. నాలుగోది మొదలుపెట్టాలనుకున్న విద్యార్థి ముందుగా తోటివారి కోడ్‌ను పరీక్షించడానికి కూర్చోవాల్సిందే. జట్టుపనిని ఏ ఉపన్యాసమూ ఇంత బాగా నేర్పదు. మార్కులు వేయడమే చిక్కు.

కొత్తవారికైతే నా ఓటు రెండు వారాల స్ప్రింట్లకే. చీటీల పరిమితిని మాత్రం కాన్‌బాన్ నుంచి అరువు తెచ్చుకోవచ్చు.