జాగ్రత్త: మైన్‌క్రాఫ్ట్ ఓడ ఫైలుకు డబ్బు కట్టేముందు ఇది చదవండి

తిరుపతి, చిత్తూరు గేమింగ్ గ్రూపుల్లో ఒకతను, బ్లాకులు పేర్చి కట్టే మైన్‌క్రాఫ్ట్ గేమ్‌కు ‘రెడీమేడ్ ఓడ’ అని 399 రూపాయలకు ఫైలు అమ్ముతున్నాడు. తీసుకోవద్దు. డబ్బు పడ్డాక ఏదన్నా అడిగితే నంబర్ బ్లాక్ చేస్తున్నాడు.

ఇచ్చేది లైట్‌మాటికా ఫైలు, అంటే ఆ పేరున్న మోడ్ (గేమ్‌కు విడిగా కలిపే ప్రోగ్రామ్) చూపించే కట్టడం నమూనా. అది గేమ్ కంప్యూటర్ వెర్షనైన జావా ఎడిషన్‌లో, ఆ మోడ్ వేసిన కంప్యూటర్‌లోనే పనిచేస్తుంది. ఫోన్‌లో బెడ్‌రాక్ ఎడిషన్ ఆడే పిల్లలకు దండగ. జావాలో కూడా సర్వైవల్‌లో (సామాను మనమే సేకరించుకుని ఆడే పద్ధతిలో) ఓడ దానంతట అది లేవదు, నీడలా కనిపిస్తుంది. ఒక్కో బ్లాకు మనమే పెట్టుకోవాలి.

ఇతని ఫైల్లో ఓడ వెడల్పు 12 బ్లాకులు. సరి సంఖ్య తీసుకుంటే నడిమధ్య ఒకే వరుస రాదు, కీల్ (ఓడ అడుగున పొడవునా ఉండే వెన్ను) రెండు బ్లాకులై ముక్కు మొద్దుగా తేలుతుంది. 9, 11, 13 లాంటి బేసి వెడల్పే కావాలి. 11 అయితే నడుము నుంచి ముక్కు దాకా 5, 3, 2, 1, 1 బ్లాకుల చొప్పున నడిచి, ప్రతిసారీ పక్కగోడను ఒక బ్లాకు లోపలికి జరపాలి. ఇతని ఫైల్లో అంతటా రెండేసి బ్లాకులే, అందుకే వంపు లేదు, త్రికోణం మిగిలింది. అడుగైతే పుష్కరిణిలో తెప్పలా చదును. తెప్పకు అది సరే, ఓడకు మాత్రం కింద కీల్ 1, ఆపైన 5, తర్వాత 9, నీటిగీత దగ్గర 11 ఉండాలి.

అసలు నష్టం నీటిగీత కింద. అక్కడ గోడంతా ఒకే వరుస స్టెయిర్స్ (మెట్ల ఆకారపు బ్లాకులు), స్లాబ్‌లు (సగం బ్లాకులు). నీళ్లలో పెట్టిన స్టెయిర్ నీటిని తనలోనే పట్టుకుంటుంది, తెరిచి ఉన్న వైపు నుంచి ఓడలోకి వదులుతుంది. స్పాంజ్‌తో ఎన్నిసార్లు తోడినా మళ్లీ నిండుతుంది. లోపలి వరుస పూర్తి ప్లాంక్ (చెక్క పలక) బ్లాకులతో కట్టి, స్టెయిర్స్ బయట మాత్రమే పెట్టాలి. తోడేముందు ఓడను అడ్డగోడలతో చిన్న గదులుగా విడగొడితే స్పాంజ్‌లు తక్కువ పడతాయి. తడిసినవాటిని ఫర్నేస్‌లో ఆరబెట్టుకోవచ్చు.

సామాన్ల లెక్కా తప్పే. 300 స్టెయిర్స్‌కు 75 లాగ్‌లు (చెట్టు దుంగలు) చాలంటాడు. ఆరు ప్లాంక్‌లకు వచ్చేవి నాలుగు స్టెయిర్సే. అంటే 450 ప్లాంక్‌లు, లాగ్‌కు నాలుగు ప్లాంక్‌ల చొప్పున 113 లాగ్‌లు.

ఎవరి దగ్గర కొన్నా ముందు ఎడిషన్, వెర్షన్ అడగండి, ఓడ అడుగు నుంచి తీసిన ఫొటో, అడ్డంగా కోసి చూపే ఫొటో తెప్పించుకోండి. పైనుంచి తీసినదొక్కటే పంపితే ఆగిపోండి. ఇప్పటికే కట్టినవాళ్లు పేమెంట్ స్క్రీన్‌షాట్, చాట్ చెరపకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.