లేక్ మీడ్ ఒడ్డుకి ఒక పూట నడక: వైట్ ఔల్ కాన్యన్, పాత రైలుదారి

లాస్ వేగస్ వెళ్ళినవాళ్ళలో చాలామంది దగ్గర్లోని లేక్ మీడ్ సరస్సుని, దానికి కట్టిన హూవర్ డ్యామ్ మీంచి చూసి వెనక్కి వచ్చేస్తారు. ఎడారిలో కాస్త నడిచి నీళ్ళ దాకా వెళ్ళాలనుంటే తేలికైన దారి వైట్ ఔల్ కాన్యన్ అనే సన్నటి లోయ. లేక్‌షోర్ రోడ్డు మీద 33 హోల్ అనే పిక్నిక్ స్థలంలో కారు ఆపి ఒడ్డుకి దిగాలి, అక్కడినుంచి కాన్యన్‌లోకి మళ్ళాలి. రానుపోను సుమారు 2 మైళ్ళు. పిల్లలతో ఆగుతూ నడిచినా రెండు గంటలు చాలు.

కాన్యన్ ఇరుకు. గులకరాళ్ళు మట్టిలో కూరుకుని గట్టిపడ్డ గోడలు రెండువైపులా లేస్తాయి. రోడ్డు కిందుగా వేసిన పెద్ద తూముల్లోంచి కూడా నడవచ్చు. గోడమీద తెల్లటి రెట్టల చారలు కనిపిస్తే తల ఎత్తి చూడండి, గుడ్లగూబలు వాలే చోటు అదే. టార్చి వేయకండి, కేకలు వద్దు. పగలు నిద్ర చెడిన పక్షి ఆ చోటే వదిలేసి పోవచ్చు.

అసలు జాగ్రత్త ఒడ్డు దగ్గర. పాత మ్యాపుల్లోని తీరం ఇప్పుడు అక్కడ లేదు. నిండితే సముద్రమట్టానికి 1,229 అడుగుల ఎత్తుకి చేరే నీరు, 2022 జులైలో 1,040 దాకా పడిపోయింది. కొండల మీది తెల్లటి పట్టీ అలా దిగిన నీరు వదిలిన ఖనిజాల పొరే. నీరు తీసిన చోట మట్టి పైకి ఎండినట్టుంటుంది, కింద మెత్తగా ఉండి కాలు మోకాలి దాకా దిగబడుతుంది. పగుళ్ళున్న బురదని వదిలి గులకల మీదే నడవండి. 2007లో ఇక్కడ బయటపడ్డ క్వాగా మసెల్ అనే చిన్న ఆల్చిప్పల పెంకులు బ్లేడులా కోస్తాయి, నీళ్ళలోకి చెప్పులతోనే దిగాలి. గాలి ఊదిన తేలే బొమ్మలు అస్సలు వద్దు. గాలి లేస్తే నిమిషాల్లో లోపలికి లాక్కుపోతుంది.

పెద్దవాళ్ళో, స్ట్రోలరో వెంట ఉంటే పాత రైలుదారే నయం. డ్యామ్ కట్టడానికి 1931లో వేసిన లైను అది. పట్టాలు తీసేశాక వెడల్పైన చదును బాట మిగిలింది. దారిలో ఐదు సొరంగాలు, వాటిలో చల్లటి నీడ. విజిటర్ సెంటర్ దగ్గర మొదలై డ్యామ్ దాకా ఒకవైపు 3.7 మైళ్ళు, సొరంగాలు దాటి వెనక్కి తిరిగినా సరిపోతుంది. సరస్సు పొడుగునా కింద కనిపిస్తుంది గానీ నీళ్ళు చేతికందవు. కాన్యన్ వైపు వెళ్ళాలంటే లేక్ మీడ్ పార్కు ప్రవేశ రుసుము కారుకి 25 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది.

నవంబరు నుంచి మార్చి దాకా మంచి కాలం. వేసవిలో 43 డిగ్రీలు దాటుతుంది, వెళ్ళకపోవడమే మేలు. జులై నుంచి సెప్టెంబరు మధ్య దూరంగా ఎక్కడ ఉరిమినా కాన్యన్‌లోకి దిగొద్దు, పైన కురిసిన వాన ఆ ఇరుకులోకే వరదై దూకుతుంది. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు ఊళ్ళోనే కొనుక్కోండి, మ్యాపు ఫోన్‌లో ముందే దించుకోండి.

బసకి లాస్ వేగస్‌లో కసీనో హోటళ్ళుండే స్ట్రిప్ కన్నా సరస్సు దగ్గరి బౌల్డర్ సిటీ మేలు. చిన్న మోటళ్ళు, జూదం లేని ఊరు. స్ట్రిప్ హోటళ్ళు చాలావరకు గది అద్దె మీద రిసార్ట్ ఫీజు అనే అదనపు రుసుము, పార్కింగు విడిగా వేస్తాయి. పైగా బౌల్డర్ సిటీలోని హెమెన్‌వే పార్కులో గడ్డి మేయడానికి బిగ్‌హార్న్ అనే పెద్ద కొమ్ముల అడవి గొర్రెలు కొండ దిగి వస్తాయి. దూరంగా కూర్చుని చూడండి, తిండి మాత్రం పెట్టకండి.