పీఎస్‌ఏ పరీక్షకు మేం ఈ ల్యాబ్‌కే ఎందుకు వస్తున్నామంటే

తిరుపతిలో ల్యాబ్‌లకు కొదవలేదు. షుగర్, థైరాయిడ్ లాంటివైతే ఇంటికి దగ్గరున్న చోట చేయించేస్తాం. ప్రోస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్లు మాత్రం ల్యాబ్‌ను చూసి ఎంచుకోవాలి.

మా ఆయన ఆర్టీసీలో తిరుమల ఘాట్ రోడ్డు బస్సు నడిపి రిటైరయ్యారు. క్యాన్సర్ అని తేలాక ప్రోస్టేట్ గ్రంథి మొత్తం తీసేశారు. పీఎస్‌ఏ అంటే ఆ గ్రంథి తయారుచేసే ప్రోటీన్, కాబట్టి ఇక రక్తంలో అది దాదాపు ఉండకూడదు. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో 0.1 కంటే కిందికి దిగిపోవాలి. ఆ తర్వాత 0.2కు చేరి, మళ్లీ చేయించినా అంతకు తగ్గకపోతే జబ్బు తిరగబెట్టినట్టే లెక్క.

మొదట్లో వేరే ల్యాబ్‌లో చేయించేవాళ్లం. ఒకసారి 0.28 వచ్చింది. పక్కనే ‘నార్మల్ 0–4’ అని అచ్చేసి ఉంది. కౌంటర్లో అబ్బాయి "అంతా నార్మలేనమ్మా, భయపడకండి" అన్నాడు. ఆ 4 అనేది గ్రంథి ఉన్న మగవాళ్ల లెక్క! యూరాలజిస్టు గారు కాగితం చూడగానే మళ్లీ చేయించమన్నారు. ఇకమీదట ఒకే ల్యాబ్‌లో, ఒకే మిషన్ మీద చేయించాలని గట్టిగా చెప్పారు. కిట్ మారితే అంకె కొంచెం అటూ ఇటూ అవుతుంది, పెరిగింది జబ్బో మిషన్ తేడానో తేల్చలేం.

అలా ఇక్కడికి వచ్చాం. వీళ్ల రిపోర్టు నాకు చాలా నచ్చింది. దశాంశం తర్వాత రెండంకెలు వేస్తారు, ఏ పద్ధతిలో చేశారో కింద రాస్తారు, పాత ఫలితాలన్నీ తేదీలతో వరసగా ఇస్తారు. పీఎస్‌ఏ ఎన్ని నెలలకు రెట్టింపవుతోందో డాక్టరు గారు ఆ వరస చూసే లెక్కగట్టారు. త్వరగా రెట్టింపయితే జబ్బు జోరు మీదుందని అర్థం. రక్తం తీసే అమ్మాయి జుట్టుకు బయోటిన్ మాత్రలేమైనా వేసుకుంటున్నారా అని కూడా అడిగింది. కొన్ని మిషన్లలో వాటివల్ల పీఎస్‌ఏ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుందట. ఇంత శ్రద్ధగా అడిగినవాళ్లను నేనింకెక్కడా చూడలేదు.

జబ్బు ఒంట్లో ఎక్కడ తిరగబెట్టిందో వెతికే పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్ వీళ్ల దగ్గర లేదు, డాక్టరు గారు రాసిచ్చిన చోటికి వెళ్లాం. దానికి ఎక్కించే గాలియం అనే రేడియోధార్మిక మందు గంటా పది నిమిషాలలోపే సగం అయిపోతుంది కాబట్టి చెప్పిన టైముకు ఉండాల్సిందే. ఇంజెక్షన్ ఇచ్చి, గంటసేపు కూర్చోబెట్టి, మూత్రానికి వెళ్లొచ్చాక లోపలికి పిలిచారు. మూత్రాశయంలో మందు నిలిస్తే దాని పక్కనున్నది కనబడదట.

స్కాన్‌లో ఏమీ లేదంటే ఏడుకొండలవాడికి దండం పెట్టుకున్నాను. డాక్టరు గారు మాత్రం అంతటితో వదల్లేదు. 2019లో అమెరికాలో వచ్చిన అధ్యయనంలో పీఎస్‌ఏ 0.5 లోపున్నవాళ్లలో 38 శాతం మందికే స్కాన్‌లో జబ్బు దొరికిందట, 5 దాటినవాళ్లలో 97 శాతం మందికి. అలాగని అంకె పెరిగేదాకా ఆగితే రేడియేషన్ అంత బాగా పనిచేయదని, 0.5 దాటకముందే మొదలుపెట్టారు. ఇప్పుడు పీఎస్‌ఏ మళ్లీ 0.1 లోపుకొచ్చింది.

నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఐదోది ఎందుకు ఆపానంటే, ఇక్కడ కూడా రిపోర్టు మీద 0–4 అనే వేస్తున్నారు. పేరు రాసుకునేటప్పుడే ప్రోస్టేట్ తీసేశారా అని అడిగి, తీసేసినవాళ్లకు ఆ లైను వేయకండి. ఇంటికెళ్లి ఆ కాగితం చూసి, నార్మలే కదా అని డాక్టరు దగ్గరికి వెళ్లనివాళ్లు ఉంటారు.