మొగను కదలనివ్వాలా, కట్టేయాలా: ఏది మేలు?

భీమిలి దగ్గర గోస్తనీ మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే నోరు, పూడినట్టు కనిపిస్తే చాలు, అందరూ అడిగేది ఒకటే. "రెండు వైపులా రాళ్ల కట్టలు వేసేస్తే పోలా?" పడవల వాళ్ల కష్టం చూస్తే సబబైన ప్రశ్నే. నేను మాత్రం మొగ కంటే ముందు దానికి ఉత్తరాన ఉన్న తీరాన్ని చూడమంటాను.

మన తీరంలో ఇసుక ఒకచోట ఉండదు. నైరుతి కాలంలో అలలు ఏటవాలుగా కొట్టి దాన్ని ఉత్తరానికి తోస్తాయి. ఈశాన్య కాలంలో కొంత వెనక్కొచ్చినా, ఏడాది మొత్తం మీద మిగులు ఉత్తరానికే. దారిలో మొగ తగిలితే పోటు కొంత ఇసుకను లోపలికి లాక్కెళ్లి నిలకడ నీళ్లలో విసనకర్రలా పరుస్తుంది. పాటు, అంటే వెనక్కి తగ్గే నీరు, కొంత బయటికి నెడుతుంది, అలలు దాన్ని మెల్లగా అవతలి ఒడ్డుకు చేరుస్తాయి. విశాఖలో పెద్ద పోటుకి కూడా నీరు లేచేది మీటరున్నర లోపే. ఇలా పోటు తక్కువ, అల ఎక్కువ ఉన్నచోట బయటి మేట చిన్నది, లోపలి మేట పెద్దది. సముద్రం ముందుకు తోసుకొచ్చినప్పుడు తీరం వెంట పొడవుగా పరుచుకున్న ఇసుక దీవి వెనక్కి జరిగి నిలిచేది ఆ లోపలి మేట మీదే. మొగ జరుగుతూ పోతే పాత కాలువ పూడిపోతుంది. అక్కడ తవ్వి చూస్తే అడుగున గుల్ల ముక్కలు, ముతక ఇసుక, పైకొచ్చేకొద్దీ సన్నది.

కట్టలు వేస్తే లోతు నిలుస్తుంది, పడవ ధైర్యంగా వెళ్తుంది. దాన్ని కాదనను. కానీ ఇసుక దారి తెగుతుంది. 1933 ఆగస్టులో అమెరికాలోని మేరీలాండ్‌లో తుపాను ఒక ఇసుక దీవిని ఓషన్ సిటీ దగ్గర తెంపి కొత్త మొగ తెరిచింది. పడవలకు బాగుందని అక్కడ వెంటనే కట్టలు వేశారు. అక్కడ ఇసుక నడక దక్షిణానికి. దాంతో దిగువనున్న అసటీగ్ దీవి ఉత్తర కొన ఇసుక అందక, తన వెడల్పు కంటే ఎక్కువ దూరం వెనక్కి జరిగిపోయింది.

అదే 1933లో మన విశాఖ హార్బర్ తెరిచారు. ఇసుక అడ్డుపడకుండా రెండు పాత ఓడల్ని ముంచి అడ్డుకట్ట చేశారు. తర్వాత సముద్రం వైపు ఔటర్ హార్బర్ వచ్చాక, అలల్ని ఆపే పెద్ద రాతి కట్టలు (బ్రేక్‌వాటర్లు) లేచాయి. ఆగిన ఇసుకను డ్రెడ్జర్లతో తోడి ఆర్కే బీచ్ వైపు పోస్తుంటారు. అంత పోర్టుకి ఆ ఖర్చు గిట్టుబాటే. నాలుగు తెప్పలు తిరిగే మొగకి ఎవరు పెడతారు?

పూడిన మొగనే ఏటా తవ్వడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు, మళ్లీ సీజన్‌కి మొదటికొస్తుంది.

ఒడిశాలోని చిలికా సరస్సులో చేసింది వేరు. ఇసుక పేరుకుని మొగ ఉత్తరానికి జరిగి జరిగి, సరస్సు నుంచి సముద్రానికి దారి బాగా పొడవైపోయింది. 2000 సెప్టెంబరు 23న సిపకుద దగ్గర దగ్గరి దారిన కొత్త మొగ తెరిచారు. ఉప్పదనం, చేపలు తిరిగొచ్చాయి. 2002లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితా నుంచి సరస్సు పేరు తీసేశారు. 2008లో సముద్రమే గబకుండ దగ్గర ఇంకోటి తెరిచింది. జాలరికి ఏ ఏడు దారి ఎక్కడుంటుందో తెలియదన్న ఇబ్బంది మాత్రం నిజమే.

అయినా నా ఓటు కదిలే మొగకే. మొగ ఎంత వెడల్పుగా నిలుస్తుందన్నది ప్రతి పోటుకీ లోపలికెళ్లి బయటికొచ్చే నీటిని బట్టి ఉంటుంది. కాబట్టి భీమిలిలో రాళ్లకు పెట్టే డబ్బుంటే, ఆ నీరు పట్టే ఏటి లోపలి పల్లాలు ప్లాట్లకీ చెరువులకీ పూడిపోకుండా కాపాడ్డానికి పెట్టమంటాను.